పొట్టిపేర్ల పద్దు

తెలుగునాట హాజరుపట్టీలో ఇంటిపేరు పూర్తిగా రాసే అలవాటు తక్కువ. ఇంటిపేరులో మొదటి అక్షరం, ఒక చుక్క, ఆ పక్కన అసలు పేరు. "పి. శ్రీనివాస్" అని పిలిస్తే ఆ తరగతిలో అందరికీ ఎవరో తెలుసు. పక్క సెక్షన్‌లోనూ ఒక పి. శ్రీనివాస్ ఉండవచ్చు. ఒకరి "పి" పసుపులేటి, మరొకరి "పి" పోతులూరి. రెండు పట్టీలూ విడివిడిగా ఉన్నంతకాలం ఏ చిక్కూ లేదు. పరీక్షల వేళ రెండింటినీ ఒకే జాబితాగా కలిపినప్పుడు ఒకరి మార్కులు మరొకరికి పడతాయి. అప్పుడు ఎవరో ఒకరు కూర్చుని ఇంటిపేర్లు పూర్తిగా రాయక తప్పదు.

లింక్డ్ డేటాతో పనిచేసే ప్రోగ్రామర్‌కు ఇలాంటి పట్టీలు రోజూ ఎదురవుతాయి. అక్కడ ఇంటిపేరును నేమ్‌స్పేస్ అంటారు, దాని పొట్టి రూపాన్ని ప్రిఫిక్స్ అంటారు. పట్టీలు కలిపే పని లైబ్రరీది. కలిపేటప్పుడు ఏ పొట్టిపేరు ఎవరిదో ముందే తేల్చి ఒకచోట రాసిపెట్టుకోవడం ప్రోగ్రామర్ పని. ఈ రెండో పని చాలామంది చేయరు. నెలల తరబడి సవ్యంగా నడిచిన ప్రాజెక్టు కొత్త ఫైల్ ఒకటి రాగానే తప్పు జవాబులివ్వడం మొదలుపెట్టిందంటే, కారణం ఇక్కడ దొరికే అవకాశం ఎక్కువ.

అసలు సంగతి చిన్నదే. లింక్డ్ డేటాలో ప్రతి వస్తువుకూ, ప్రతి సంబంధానికీ వెబ్ చిరునామా రూపంలో ఒక పేరు ఉంటుంది. హైదరాబాద్ అనే ఊరికి ఒక చిరునామా, "ఫలానా దేశంలో ఉంది" అనే సంబంధానికి ఒక చిరునామా, భారతదేశానికి ఇంకొకటి. మూడూ వరసగా పెడితే ఒక వాక్యం; దాన్ని ట్రిపుల్ అంటారు. ఈ పద్ధతికి ఆర్‌డీఎఫ్ అని పేరు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దాన్ని 1999 ఫిబ్రవరి 22న ప్రమాణంగా ప్రకటించింది. ఆ తేదీ ఆర్‌డీఎఫ్ సొంత నేమ్‌స్పేస్ చిరునామాలోనే ఉంది: డబ్ల్యూ3 డాట్ ఓఆర్‌జీ, 1999, 02, 22 అంటూ మొదలై హ్యాష్ గుర్తుతో ముగుస్తుంది. మొత్తం 43 అక్షరాలు. ప్రతి వాక్యంలోనూ ఇంత చిరునామా రాస్తూ కూర్చోలేరు కాబట్టి ఫైల్ పైభాగంలో "ఆర్‌డీఎఫ్ అంటే ఇది" అని ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత ఆ మూడక్షరాల ముక్క, ఒక కోలన్, మిగిలిన పేరు రాస్తారు. చదివే లైబ్రరీ పొట్టిపేరు తీసేసి ఆ స్థానంలో చిరునామా అతికిస్తుంది. అతికించడం వరకే దాని పని.

ఇక్కడ మొదట మనసులో నాటుకోవాల్సిన విషయం ఒకటుంది. ప్రిఫిక్స్ డేటాలో భాగం కాదు. టర్టిల్ అనే రాతపద్ధతిలో అది కనిపిస్తుంది; ఎన్-ట్రిపుల్స్ అనే ఇంకో రాతపద్ధతిలో అసలు ప్రిఫిక్సులే ఉండవు, అన్నీ పూర్తి చిరునామాలే. ఒకే డేటాను రెండు రకాలుగానూ రాయవచ్చు, అర్థంలో వెంట్రుకవాసి తేడా రాదు. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఫైల్‌ను ఎన్-ట్రిపుల్స్‌లోకి మార్చి చూసుకునే అలవాటు ఒక్కటి ఉంటే ఈ అధ్యాయంలో చెప్పే చిక్కుల్లో సగం అక్కడికక్కడే బయటపడతాయి.

పొట్టిపేరు ఒకటే, ఇళ్లు రెండు అనే చిక్కుకు ఒక పాత ఉదాహరణ డబ్లిన్ కోర్. 1995లో అమెరికాలోని ఓహయో రాష్ట్రం డబ్లిన్ పట్టణంలో జరిగిన సమావేశం నుంచి ఈ పదజాలం పుట్టింది. పుస్తకం, ఫొటో, నివేదిక దేన్నైనా వర్ణించడానికి శీర్షిక, కర్త, తేదీ వంటి 15 అంశాలు పెట్టారు. వాటి నేమ్‌స్పేస్‌లో "ఎలిమెంట్స్ 1.1" అని ఉంటుంది. తర్వాత అదే సంస్థ మరింత కట్టుదిట్టంగా "టెర్మ్స్" అనే ఇంకో నేమ్‌స్పేస్ తెచ్చింది. ఆ పదిహేను పేర్లూ అందులోనూ ఉన్నాయి, కొత్తవీ చేరాయి. పాతదాన్ని "డీసీ" అనీ, కొత్తదాన్ని "డీసీటెర్మ్స్" అనీ పిలవడం చాలామందికి అలవాటు. పైథాన్‌లో ఎక్కువగా వాడే ఆర్‌డీఎఫ్‌లిబ్ కూడా అలాగే పిలుస్తుంది. అయితే వెబ్ పేజీల్లో డేటా పొదిగే ఆర్‌డీఎఫ్ఏ కోసం వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ముందుగానే ఇచ్చిన ప్రిఫిక్సుల జాబితా ఉంది. అందులో "డీసీ" అంటే కొత్తది, "టెర్మ్స్". పాతదానికి అక్కడ "డీసీ11" అని వేరే పేరు.

ఈ తేడా పేరుతోనే ఆగదు. పాత "కర్త" పక్కన రచయిత పేరును ఉత్త అక్షరాలుగా రాసినా సరిపోతుంది. కొత్త "కర్త" పక్కన ఒక వ్యక్తినో సంస్థనో సూచించే చిరునామా ఉండటం సిఫారసు చేసిన పద్ధతి. ఒక గ్రంథాలయ కేటలాగ్ పాత పద్ధతిలో, మరొకటి కొత్త పద్ధతిలో ఉన్నాయనుకుందాం. రెండు ఫైళ్లలోనూ "డీసీ కోలన్ క్రియేటర్" అనే రాసి ఉంటుంది. కంటికి ఒకటే. కలిపిన తర్వాత ఫలానా రచయిత పుస్తకాలన్నీ ఇవ్వమని అడిగితే సగమే వస్తాయి. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. జాబితా చిన్నదిగా వస్తుంది, అంతే. అడిగిన విద్యార్థి ఆ గ్రంథాలయంలో ఇంతే ఉన్నాయనుకుని వెళ్లిపోతాడు. ప్రిఫిక్సుల విషయంలో అజాగ్రత్తకు మూల్యం చెల్లించేది చాలాసార్లు ఇలా ప్రోగ్రామర్‌ను ఎన్నడూ చూడని మనిషి. అందుకే దీన్ని చాదస్తంగా కొట్టిపారేయకూడదు.

రెండో ఉదాహరణ భూగోళానిది. అక్షాంశ రేఖాంశాలు రాయడానికి 2003లో వచ్చిన డబ్ల్యూజీఎస్84 పదజాలాన్ని చాలామంది "జియో" అంటారు. ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం వారి జియోస్పార్కిల్‌కూ "జియో" అనే పొట్టిపేరే వాడుకలో ఉంది. ఆర్‌డీఎఫ్‌లిబ్‌లో కొత్త గ్రాఫ్ (ట్రిపుల్స్ దాచే సంచి) తెరిస్తే "జియో" ముందే జియోస్పార్కిల్‌కు కట్టి ఉంటుంది. అది తెలియని ప్రోగ్రామర్ బైండ్ అనే ఆదేశంతో "జియో"ను డబ్ల్యూజీఎస్84కు కట్టబోతే లైబ్రరీ గొడవ పెట్టదు. పేరు అప్పటికే ఒకరిది కాబట్టి, కొత్తదానికి అంకె తగిలించి "జియో1" అని పెట్టి ఊరుకుంటుంది. డేటా చెడదు. బయటికి రాసిన ఫైల్‌లో మాత్రం అంతటా "జియో1" కనిపిస్తుంది. "జియో" ఉంటుందని నమ్మి అక్షరాలు వెతికే స్క్రిప్టు ఏదైనా ఉంటే అది ఆ రోజుతో ఆగిపోతుంది.

అదే చిక్కును జావాలోని అపాచీ జీనా వేరే రకంగా తీరుస్తుంది. కొత్త బంధం రాగానే పాత బంధాన్ని తీసేస్తుంది. ఆర్‌డీఎఫ్‌లిబ్‌లో కూడా రీప్లేస్ అనే ఐచ్ఛికాన్ని ట్రూ అని ఇస్తే అలాగే జరుగుతుంది. రెండిట్లో ఏది మేలన్న వాదన పక్కనపెట్టి, చేతిలో ఉన్న లైబ్రరీ పేర్లు ఢీకొన్నప్పుడు ఏం చేస్తుందో పది నిమిషాలు కేటాయించి చేసి చూడటం మేలు. రెండు నేమ్‌స్పేసులు, ఒక పొట్టిపేరు, ఒక ఖాళీ గ్రాఫ్ చాలు.

ఫైల్ చదివినప్పుడు కూడా బంధాలు వస్తాయి. టర్టిల్ ఫైల్ పైభాగంలో ఉన్న ప్రిఫిక్సులన్నీ ట్రిపుల్స్ వెంట గ్రాఫ్‌లోకి చేరతాయి. మూడు సంస్థల నుంచి మూడు ఫైళ్లు తెచ్చి ఒకే గ్రాఫ్‌లో పోస్తే మూడు ఇళ్ల అలవాట్లూ వస్తాయి. ఆర్‌డీఎఫ్‌లిబ్‌లో ఏ ఫైల్ ముందు చదివితే దాని పొట్టిపేరు నిలుస్తుంది, తర్వాతిదానికి అంకె తగులుతుంది. అసలు ప్రిఫిక్సే లేని సంబంధం ఏదైనా ఉంటే, టర్టిల్‌లో బయటికి రాసేటప్పుడు లైబ్రరీ తానే "ఎన్ఎస్1", "ఎన్ఎస్2" అంటూ పేర్లు పుట్టిస్తుంది. బయటికిచ్చే ఫైల్‌లో ఎన్ఎస్1 కనిపించిందంటే ఎవరో ఒక ఇంటిపేరు పట్టీలో రాయడం మరిచారన్నమాట.

కాబట్టి పద్దు కావాలి. ప్రాజెక్టులో ఒకే ఒక చిన్న ఫైల్ ఉంచి, వాడే ప్రతి నేమ్‌స్పేస్‌నూ దాని పొట్టిపేరునూ అందులోనే రాయాలి. మిగతా కోడ్ అంతా అక్కడి నుంచే తెచ్చుకోవాలి. పక్కన మరో ఫంక్షన్: కొత్త గ్రాఫ్ తెరిచి, ఈ పద్దులోని పేర్లన్నీ కట్టి ఇస్తుంది. ప్రాజెక్టులో ఎవరూ గ్రాఫ్‌ను నేరుగా తెరవకుండా ఈ ఫంక్షన్‌నే అడగాలి. ఆర్‌డీఎఫ్‌లిబ్ ఇటీవలి వెర్షన్లలో గ్రాఫ్ తెరిచేటప్పుడే ముందు బంధాలు ఎన్ని కావాలో చెప్పవచ్చు. ఏమీ చెప్పకపోతే ఇరవైకి పైగా పేర్లు వచ్చిపడతాయి. "కోర్" అంటే ఆర్‌డీఎఫ్, ఆర్‌డీఎఫ్ఎస్, ఔల్, ఎక్స్ఎస్‌డీ, ఎక్స్ఎంఎల్ వరకే వస్తాయి. పద్దు రాసుకునేవారికి "కోర్" హాయి. మిగిలినవన్నీ తమ చేతుల మీదుగా చేరతాయి, లైబ్రరీ కొత్త వెర్షన్ మరో పేరు చేర్చినా తమ ఇల్లు కదలదు.

పద్దులో ఏ పేరు పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. సొంత ముద్ర కోసం కొత్త పొట్టిపేర్లు పుట్టించనక్కర్లేదు. విషయ వర్గీకరణలు రాసే స్కాస్ పదజాలాన్ని లోకమంతా "స్కాస్" అనే అంటుంది. వాడుకలో ఉన్న పేరేదో వెతకడానికి ప్రిఫిక్స్ డాట్ సీసీ అనే సైట్ ఉంది. పొట్టిపేరు ఇస్తే చిరునామా చెబుతుంది. అక్కడ దొరికిన చిరునామాను కూడా ఆ పదజాలం సొంత పత్రంతో ఒకసారి సరిచూసుకోవాలి.

చిరునామాలో పాతబడినట్టు కనిపించే అంకెలు ఉంటే సరిదిద్దాలనిపిస్తుంది. దిద్దకూడదు. విజయవాడ రైల్వే స్టేషన్ కోడ్ నేటికీ బెజవాడ నాటి "బీజడ్ఏ"నే. ఊరి పేరు మారిందని కోడ్ మార్చి రాస్తే టికెట్ దొరకదు. మనుషుల పరిచయాలు రాసే ఫోఫ్ పదజాలం 0.99 దాకా వచ్చినా దాని నేమ్‌స్పేస్‌లో 0.1 అనే ఉంటుంది. స్కాస్ ప్రమాణంగా ఖరారైంది 2009లో, చిరునామాలో మాత్రం 2004. ఆర్‌డీఎఫ్‌ను 2004లోనూ 2014లోనూ సవరించారు, నేమ్‌స్పేస్‌లోని 1999 అలాగే ఉంది. పాత డేటా చదవడానికి వీలుగా ఆ చిరునామాలను ముట్టుకోకుండా వదిలేశారు.

సొంత నేమ్‌స్పేస్ పెట్టుకునేటప్పుడు కొత్తవారు ఎక్కువగా జారే చోటు చిరునామా చివర. అక్కడ హ్యాష్ కానీ స్లాష్ కానీ ఉండాలి. ఉత్త "గ్రామాలు" అని ముగిసే చిరునామాకు "పేరు" అనే మాట అతికిస్తే "గ్రామాలుపేరు" అనే అర్థంలేని చిరునామా తయారవుతుంది. లైబ్రరీ దాన్నీ మారుమాట లేకుండా తీసుకుంటుంది. రెండో జారుడు, పాఠాల్లో చూసిన ఎగ్జాంపుల్ డాట్ ఓఆర్‌జీని అలాగే అసలు పనిలోకి తెచ్చేయడం. ఆ పేరు ఉదాహరణల కోసమే కేటాయించింది. అక్కడ ఎవరూ తమ పదజాలాన్ని ప్రచురించలేరు. పదేళ్లు నిలిచే చిరునామా కావాలనుకునేవారికి డబ్ల్యూ3ఐడీ వంటి శాశ్వత చిరునామా సేవలున్నాయి. డబ్లిన్ కోర్ చిరునామాలకు ఆధారమైన పర్ల్ సేవను మొదట గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ నడిపింది, 2016లో అది ఇంటర్నెట్ ఆర్కైవ్ చేతికి వెళ్లింది. నడిపేవారు మారినా చిరునామాలు మారలేదు.

ఇంకో చిన్న గుంట పైథాన్‌కే ప్రత్యేకం. ఆర్‌డీఎఫ్‌లిబ్‌లో సొంతంగా చేసుకునే నేమ్‌స్పేస్ లోపల ఒక స్ట్రింగే. దాని పక్కన చుక్క పెట్టి "పేరు" అంటే చిరునామా వస్తుంది. చుక్క పెట్టి "ఫార్మాట్" అనో "కౌంట్" అనో అంటే చిరునామా బదులు స్ట్రింగ్‌కు పుట్టుకతో ఉన్న ఫంక్షన్ వస్తుంది. అలాంటి మాటలను చదరపు బ్రాకెట్లలో రాయడమే దారి. లైబ్రరీతో పాటు వచ్చే సిద్ధపు నేమ్‌స్పేసులకు మరో సుగుణం ఉంది: ఫోఫ్‌లో లేని పదం రాస్తే హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరికల నోరు నొక్కేయకుండా వాటిని చదవాలి. అక్షరదోషం ఒక్కటి చాలు, ఎవరూ అడగని కొత్త సంబంధం పుట్టడానికి.

ప్రశ్నలు అడిగే భాష స్పార్కిల్ దగ్గర కథ కొంచెం మారుతుంది. వికీడేటా క్వెరీ పేజీలో "డబ్ల్యూడీ", "డబ్ల్యూడీటీ" వంటి ప్రిఫిక్సులు ముందే కట్టి ఉంటాయి. "డబ్ల్యూడీ కోలన్ క్యూ1361" అంటే హైదరాబాద్. నేర్చుకునేవారు అక్కడ ప్రశ్న రాస్తారు, జవాబు చక్కగా వస్తుంది, దాన్నే తమ కంప్యూటర్‌లోని గ్రాఫ్‌కు వేస్తారు. "తెలియని నేమ్‌స్పేస్ ప్రిఫిక్స్" అని ఎర్రర్. అప్పుడు చిరునామా వెతుక్కుంటూ బ్రౌజర్ పైన కనిపించేది కాపీ చేస్తారు. అది తప్పు చిరునామా. బ్రౌజర్‌లో ఉండేది హెచ్‌టీటీపీఎస్‌తో మొదలై మధ్యలో "వికీ" ఉన్న పేజీ చిరునామా. డేటాలో హైదరాబాద్ అసలు పేరు హెచ్‌టీటీపీతో మొదలై మధ్యలో "ఎంటిటీ" ఉన్నది. ఒక "ఎస్" ఎక్కువైనా లైబ్రరీకి అది వేరే ఊరు. ఆర్‌డీఎఫ్‌లో రెండు చిరునామాలు ఒకటేనా కాదా అన్నది అక్షరం అక్షరం పోల్చి తేలుస్తారు.

స్కీమా డాట్ ఓఆర్‌జీ విషయంలో ఇదే "ఎస్" పెద్ద తలనొప్పి. గూగుల్, బింగ్, యాహూ కలిసి 2011లో తెచ్చిన పదజాలమిది. ఆర్‌డీఎఫ్ఏ జాబితాలో దాని చిరునామా హెచ్‌టీటీపీ. ఆర్‌డీఎఫ్‌లిబ్‌లో హెచ్‌టీటీపీఎస్. వెబ్ నుంచి తెచ్చే డేటాలో రెండూ తగులుతాయి. ఏదో ఒకటి ఎంచుకుని పద్దులో రాసి, డేటా లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే రెండోదాన్ని మొదటిదానిగా మార్చేయాలి. ప్రశ్నల్లో రెండు రూపాలూ వెతుకుతూ పోతే ప్రతి ప్రశ్నా రెండింతలవుతుంది.

ఆర్‌డీఎఫ్‌లిబ్ గ్రాఫ్‌కు ప్రశ్న వేసినప్పుడు, గ్రాఫ్‌లో కట్టి ఉన్న ప్రిఫిక్సులను అది తనంతట తానే వాడుకుంటుంది. సౌకర్యమే. కానీ ఆ ప్రశ్నను ఫైల్‌గా దాచి ఇంకొకరికి ఇస్తే వారి దగ్గర నడవకపోవచ్చు. ప్రశ్నతో పాటు వేరే ప్రిఫిక్సుల జాబితా ఇస్తే గ్రాఫ్‌లోనివి లెక్కలోకి రావు. దాచిపెట్టే ప్రతి ప్రశ్నకూ పైన ప్రిఫిక్స్ పంక్తులు పూర్తిగా రాయడం అందుకే క్షేమం. టర్టిల్‌లో "ఎట్" గుర్తుతో మొదలయ్యే ప్రిఫిక్స్ పంక్తికి చివర చుక్క ఉంటుంది, స్పార్కిల్‌లో ఉండదు. కాపీ చేసి అతికించేవారు ఈ చుక్క దగ్గర చాలాసేపు చిక్కుకుంటారు.

తెలుగువారికి సంబంధించిన మెలిక ఒకటి మిగిలింది. ప్రిఫిక్సులనూ పదాల పేర్లనూ తెలుగు లిపిలోనే పెట్టడానికి టర్టిల్ వ్యాకరణం ఒప్పుకుంటుంది. అక్షరాలూ గుణింతాలూ అన్నీ చెల్లుతాయి. చూడముచ్చటగా కూడా ఉంటుంది. అయితే తెలుగు టైపింగ్‌లో కంటికి కనిపించని ఒక గుర్తు తిరుగుతూ ఉంటుంది. "సాఫ్ట్‌వేర్" అనే మాటలో పొల్లు "ట్" కింద "వ" వత్తుగా దిగకుండా ఆపేది అదే. పొల్లుతో ముగిసే మాటల చివర కూడా కొన్ని కీబోర్డులు దాన్ని వదిలిపెడతాయి. టర్టిల్ ఆ గుర్తునూ పేరులో భాగంగా ఒప్పుకుంటుంది. అందువల్ల చివర ఆ గుర్తు ఉన్న "పైథాన్", లేని "పైథాన్" తెరమీద అచ్చుగుద్దినట్టు ఒకటే, లైబ్రరీకి రెండు. "పై"లోని ఐత్వాన్ని కంప్యూటర్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, రెండు గుర్తుల కలయికగానూ రాయవచ్చు. ఆ తేడా కూడా కంటికి ఆనదు. తెలుగు పేర్లు చిరునామాల్లో ఉండాల్సిందేనంటే, లోపలికి వచ్చే ప్రతి పేరునూ యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చి, మాట చివరి అదృశ్య గుర్తును తీసేసే ఫంక్షన్ కూడా పద్దు ఫైల్‌లోనే ఉండాలి. ప్రిఫిక్సులకైతే చిన్నబడి రోమన్ అక్షరాలు చాలు. తెలుగును లేబుళ్లలో, తెలుగు భాష గుర్తు తగిలించి, పూర్తిగా రాసుకోవచ్చు. వికీడేటా చేసేదీ అదే: క్యూ1361 పక్కన తెలుగు లేబుల్, ఉర్దూ లేబుల్, ఇంగ్లిష్ లేబుల్ ఉంటాయి.

ఇంత చేశాక రోజువారీ పని తక్కువ. ఫైల్ బయటికి ఇచ్చే ముందు ఒక పరీక్ష నడపాలి: ఎన్ఎస్1 లాంటివీ, జియో1 లాంటివీ, పద్దులో లేని ప్రిఫిక్స్ ఏదైనా కనిపిస్తే ఆగిపోవాలి. కొత్త డేటా తెచ్చిన రోజున, కలపకముందే దాని ప్రిఫిక్సులను పద్దుతో పోల్చి, తేడాలను కాగితం మీద రాసుకోవాలి. పాత ఫైల్‌నూ కొత్త ఫైల్‌నూ సరిచూడాల్సి వస్తే రెండింటినీ ఎన్-ట్రిపుల్స్‌లోకి మార్చి, పంక్తులను అకారాదిగా పేర్చి, అప్పుడు పక్కపక్కన పెట్టాలి.